తోకకి ఎర్రదీపం

డాబా మీద వెలుగు పలచబడుతోంది. డ్రోన్ పట్టుకుని నిలబడ్డ అత్తగారి వేళ్లకున్న కట్టు చూసి కోడలికి ఒళ్లు మండింది.

“నిన్ననే కదా రెక్క తగిలి వేళ్లు తెగాయి! మళ్లీనా, అత్తయ్యా?”

“నిన్న ముందూ వెనకా తెల్లదీపాలే. నా మీదికే వస్తోందని తెలియలేదు. ఇవాళ తోకదీపానికి నీ ఎర్ర నెయిల్ పాలిష్ పూశా.”

“నాదా!”

“కొంచెం మిగిల్చాన్లే.”

“పోనీ, నేల మీంచి ఎగరెయ్యొచ్చుగా?”

“డాబా అంతా ఇసుక, రెక్కల గాలికి లేచి కళ్లల్లో పడుతుంది. అడుగున పట్టుకుని, చెయ్యి పైకెత్తి, మొహం పక్కకి తిప్పుతా. చాలదూ?”

“మళ్లీ తెగితే నేను కట్టు కట్టను.”

“కట్టకు.”

డ్రోన్ రయ్యిమని లేచింది.

“ఏ దీపం కనిపిస్తోందే?”

“ఎర్రది.”

“నిన్న కరిచింది కదూ? ఇవాళ తోక చూపించి పోతోంది. ఇక నేను రమ్మంటేనే వస్తుంది!”