బోడి మూత

హలో… ఆ, నేనే. ఆయన కాదక్కా, నేను… మీ తోడికోడల్ని.

ఫోన్ ఆయనదే. గుడ్లు తెస్తానని వెళ్తూ ఇక్కడే వదిలేశారు. … ఫర్వాలేదు, నాతో చెప్పండి. … ఏం లేదా? ఏం లేకుండానే మరిదికి ఫోన్ చేశారా?

అబ్బే, ఊరికే అన్నాను.

వంటా? బ్రహ్మాండంగా అవుతోంది! చికెన్ పైలు చేయడం ఇంత తేలికని తెలీక ఇన్నాళ్లూ… ఆ, లోపలికి కూర తయారైపోయింది. చికెన్, క్యారెట్, బఠాణీ, అన్నీ చిక్కటి తెల్లటి సాసులో… పొగలు కక్కుతోంది, చూస్తుంటేనే ముద్దొస్తోంది. ఆరుగురికీ ఆరు నీలం గిన్నెలు కొన్నామక్కా, కొత్తవి! గట్టు మీద వరసగా పెడితే బళ్లో పిల్లల్లా ఉన్నాయి. మీ మరిది వాటికి హాజరు కూడా వేశారు.

… మూతలా? మైదా పిండి ఒత్తి, గిన్నె మీద కప్పడమేగా. … కప్పాను. … ఆ… బాగానే…

అక్కా, ఊరికే అడుగుతున్నా. నాకోసం కాదు. మా స్నేహితురాలు అనుకోండి… మూత కప్పగానే అది జారిపోయి కూరలోకి దిగిపోతే… ఏం చేయాలంటారు?

… లేదు, ఓవెన్‌లో పెట్టకముందే. … తడి గుడ్డలా అయిపోయి.

కూర వేడిగా ఉండగా వేసిందా అంటే నేనెలా చెప్పగలను… ఆ. వేడిగానే వేసింది. … పూర్తిగా చల్లారాకా? లేకపోతే పిండిలో వెన్న కరిగిపోతుందా? … తెలుసక్కా. నాకెందుకు తెలీదు. దానికి తెలీదు.

ఎన్ని మునిగాయంటే… మూడు. … నవ్వకండి!

… సరే, నాకే. స్నేహితురాలూ లేదు, పాడూ లేదు.

ఇంకో ఉండ ఉంది, ఫ్రిజ్‌లో. … తీయనులెండి, అక్కడే ఉంచుతా. గిన్నెలు కిటికీ దగ్గర పెడుతున్నా. … ఉందిలే టైము, మీరు నలుగురూ భోజనానికి బయల్దేరేసరికి చీకటి పడదూ?

కాదక్కా, ఏడవడం లేదు. ఉల్లిపాయ.

… ఉల్లిపాయ ఎప్పుడో తరిగేశాననుకోండి…

చెప్తే మళ్లీ నవ్వుతారు. … ఇందాక ఆయనకి చెంచాతో కూర రుచి చూపించా. కళ్లు మూసుకుని, చప్పరించి, ఏమన్నారో తెలుసా? 'వదిన చేసినదానికి దగ్గరికొచ్చేసింది' అన్నారు. దగ్గరికొచ్చిందట! నేనేమన్నా మీ వీధి చివర బస్సు దిగానా, దగ్గరికి రావడానికి?

మీకు నవ్వులాటే. నేను టీ పెడితే, వదిన టీ ఇంకాస్త చిక్కగా ఉంటుంది. దుప్పటి మడతపెడితే, వదిన మూలకి మూల కలుపుతుంది. పొద్దున్నే నన్ను చూసి ఈల వేస్తారు… పెళ్లికొడుకులా మురిసిపోతూ వేస్తారు, నేను లోపల గాల్లో తేలిపోతుంటా… తీరా ఆ ఈల నేర్పింది కూడా మీరేనట!

… మంచివారే. ఎవరు కాదన్నారు? పొద్దున లేవగానే నా చెప్పులు తీసి ఎండలో పెడతారు. నా కాళ్లకి వెచ్చగా ఉండాలని. ఎవరికైనా చెబితే దిష్టి తగులుతుందని చెప్పను. … అదీ మీరు నేర్పిందేనా? … కాదా? నిజంగా కాదా? హమ్మయ్య! ఒక్కటైనా నాకోసం కొత్తగా కనిపెట్టారు.

కోపమా? మీ మీదా? … లేదు. … అబ్బ, అడిగారు కాబట్టి చెప్తున్నా. లోపలే పెట్టుకుంటే ఈ కూర కంటే ముందు నేనే ఉడికిపోయేలా ఉన్నా.

పెళ్లయ్యాక మొదటిసారి మీ ఇంటికి భోజనానికి పిలిచారు చూడండి. ఆ రోజూ ఈ పైలే. మామయ్యగారు బస్సు నడిపారని ఆయన మూత మీద పిండితో కోసిన చక్రం. అత్తయ్యగారికి కుట్టుపని కాబట్టి కత్తెర. బావగారికి కళ్లజోడు. మీ మరిది ఈత నేర్పుతారని చేప. దానికి పొలుసులు కూడా గీశారు! అందరూ ఎవరిది వాళ్లు చూసుకుని మురిసిపోతున్నారు. నాది చూస్తే… బోడి. ఒక గీత లేదు, చుక్క లేదు. ఉత్త బోడి మూత.

అప్పుడు నవ్వేశాను. ఇంటికొచ్చాక ఆ చేపని తలుచుకుని… చేప మీద అసూయపడ్డ మనిషిని ఎక్కడైనా చూశారా మీరు?

… అక్కా? … ఉన్నారా?

… అది నాది కాదా? నా ముందే కదా పెట్టారు! మరి ఎవరిది? … మీదా?

ఐదు గిన్నెలకే చేశారా. … నన్ను పిలిచింది మీరే కదా! … అలవాటా. ఇన్నేళ్లూ ఐదుగురే కాబట్టి చెయ్యి ఐదు దగ్గరే ఆగిపోయిందా. … అందరం కూర్చున్నాక చూసుకున్నారా!

మరి ఆ రోజు తలనొప్పి, ఆకలి లేదు అన్నారు? … అయ్యో. … ఏం తిన్నారు మరి? … బాణలి అడుగున మిగిలిన కూర, బ్రెడ్డు ముక్క. వంటింట్లో నిలబడి.

నేను సగం వదిలేశానక్కా. అలిగి. … చూశారా? చూసి కూడా ఏమీ అనలేదే!

ఆగండాగండి. మరి మీ మూత మీద మాత్రం గుర్తెందుకు లేదు? … చివరికొచ్చేసరికి పిండి అయిపోతుందా? ప్రతిసారీనా? … ఎవరూ గమనించలేదా? బావగారు కూడానా? కళ్లజోడు పెట్టుకుని కూడానా?

… సరే, ఇప్పుడు నేనడుగుతా. మీ మరిదికి ఎందుకు ఫోన్ చేశారు? … ఏం లేదు అనకండి, నిజం చెప్పండి.

… కూపీ లాగడానికా! నా వంట ఎలా కుదిరిందో కనుక్కోవడానికా! … అత్తయ్యగారు పొద్దున్నుంచీ 'చిన్నది చేస్తోంది, చిన్నది చేస్తోంది' అని ఒకటే పాటా? … బావగారు రాత్రికి చోటుంచుకోవాలని మధ్యాహ్నం సగమే తిన్నారా? … మీకేం తోచక, తుడిచిన గట్టునే మళ్లీ మళ్లీ తుడిచారా?

అక్కా… అసూయా? నా మీద? మీకా?

… కొంచెమే అంటే ఎంత? … ఇంకోసారి చెప్పండి. … ఒక్కసారి, నాకోసం! … అబ్బ, ఎంత హాయిగా ఉందో. నా మీద ఇంతవరకూ ఎవరూ అసూయపడలేదు, తెలుసా?

గుర్తులా? ముందే కోసి పళ్లెంలో పెట్టుకున్నా. చక్రం, కత్తెర, కళ్లజోడు, చేప. మీ చేప కంటే లావుగా కోశా, కావాలనే. … ఇంకోటి… పువ్వు. … ఆ, పెద్దదే. రేకుల మీద రేకులు. … ఎవరికంటే… నాకే.

మీకు…

లేదక్కా. మీకేం కోయలేదు. మర్చిపోయి కాదు. పొద్దున్నుంచీ అదొక్కటే గుర్తుంది నాకు. … వద్దు, 'నాకలవాటేలే' అనకండి. అలా అంటే ఈసారి ఉల్లిపాయ అని చెప్పినా నమ్మరు.

ఆగండి. పువ్వు నలిపేస్తున్నా. … నలిపేశానుగా. ఉండ కూడా చేసేశా. బోడిది నాది. … మీరేం మాట్లాడకండి. మీకేం కావాలో చెప్పండి, అంతే.

… ఏదైనా కాదు. మీకిష్టమైంది.

… ఎవరూ అడగలేదు కాబట్టే అడుగుతున్నా. ఆలోచించుకోండి. నేను లైన్లోనే ఉంటా. కూర ఎలాగూ చల్లారాలి.

…

… పిచ్చుకా?

పిచ్చుకే చేస్తా. ముక్కు వంకర తిరిగితే మాత్రం నవ్వకూడదు. … లేదులే, మీకంటే బాగా చేస్తా. చూస్తూ ఉండండి.

ఉండండి, తలుపు… మీ మరిదే. ఏవండీ, గుడ్లు అక్కడ పెట్టండి, జాగ్రత్త… మీ వదిన. … ఏంటీ? మళ్లీ అనండి?

విన్నారా అక్కా? గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి 'అచ్చం వదిన వంట వాసనే' అంటున్నారు!

… నవ్వండి, నవ్వండి. మీ పిచ్చుకకి ఒక్క రెక్కే పెడతా. … రెండోదా? ఈ మనిషి మాట మార్చాక చూద్దాం. … ఆ, తొందరగా వచ్చేయండి. పెట్టేస్తున్నా.