వెలుతురుకి పట్టి చూడాల్సిన బొమ్మ

దర్జీ అమ్మాయి మిషను తొక్కుతూ ఉండగా, పాత బొమ్మలు అమ్మే అతను గుమ్మంలోకి వచ్చాడు. పోయినవారం తానిచ్చిన కాగితం బొమ్మ గోడమీద కనిపించేసరికి అతని ముఖం విప్పారింది.

"అయితే బొమ్మ చూశారన్నమాట!"

"చూడకేం? బల్ల మీద ఒంటరిగా కూర్చున్న మనిషి. ఇంత దిగులు బొమ్మ ఎవరైనా కానుకిస్తారా?"

"అయ్యో, వెలుతురుకి పట్టి చూడలేదా? అలా చూస్తే మారిపోయే బొమ్మండీ అది!"

"గాలికి ఎగిరిపోతోందని అట్టకి అంటించేశాను. గట్టి బంక. ఇక ఊడిరాదు."

"కొంప ముంచారు! నేను చెప్పాలనుకున్నదంతా అందులోనే ఉంది."

"మీ నోటికెవరూ బంక పూయలేదుగా. చెప్పండి."

"వెనకనుంచి వెలుతురు పడితే... అతని పక్కన ఒకావిడ కనిపిస్తుంది."

"ఎవరావిడ?"

"కొన్నప్పుడు ఎవరో అనుకున్నాను. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెడితే అచ్చం మీలాగే ఉంది."

"ఆహా! ఇంతకీ ఏమంటోందట ఆవిడ?"

"అది బొమ్మలో వినపడదు కదండీ. అందుకే ఇలా వచ్చాను."

మిషను ఆగింది.

"సరేనంటోంది. కానీ మా నాన్ననీ అడగాలట. ఆయన్ని మాత్రం నోటితోనే అడగండి. బొమ్మ చేతికిచ్చారంటే ఆయన దాన్ని గోడకి మేకు కొట్టేస్తారు."