సమయం మిగిలితే చదివే వార్త

సభకు అధ్యక్షత వహిస్తున్న మన రేడియో స్టేషను డైరెక్టరుగారికి, ముందు వరుసలోని పెద్దలకు, టీ కప్పులతో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఇంజనీరు అన్నయ్యలకు, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా న్యూస్ రీడరు మేడమ్‌కు నమస్కారం. నేను శిక్షణకు వచ్చిన విద్యార్థినిని, నాకిచ్చింది రెండు నిమిషాలే. కానీ కొత్తగా మాటల రుచి మరిగినదాన్ని, కాస్త ఓపిక పట్టాలి. (నవ్వులు)

మేడమ్ దగ్గరికి నేను మొదట వచ్చింది పాఠానికి కాదు, పోట్లాటకు. ఎన్నికల ముందు మా అన్నయ్యను, అదే, మార్కెట్ వీధిలో ఎలక్ట్రికల్ రిపేరు షాపు నడిపేవాణ్ని, ఉగ్రవాది అన్న అనుమానంతో పోలీసులు పట్టుకుని, నల్ల ముసుగు తొడిగి, కెమెరాల ముందు నిలబెట్టారు. మంత్రిగారు మధ్యలో కూర్చుని "నగరాన్ని కాపాడాం" అన్నారు. టీవీ చూస్తున్న అమ్మ, "ముసుగేస్తే నాకు తెలియదా? అలా కుడికాలు ఊపుతూ నిలబడేది వాడొక్కడే" అంది. బాంబు సామగ్రి అంటూ బల్లమీద పరిచిన వాటిలో మా ఇంటి కాలింగ్ బెల్ కూడా ఉంది. ఇదిగో బాగుచేసి తెస్తా, అదిగో తెస్తా అని వాడు ఏడాదిగా చెబుతున్న బెల్. (నవ్వులు) నవ్వండి, ఇప్పుడు మేమూ నవ్వుతున్నాం. ఆ రోజు నవ్వలేదు.

ఆ వార్తను ప్రతి బులెటిన్‌లోనూ చదివింది మేడమే. నేను నేరుగా స్టూడియో గుమ్మం దాకా వచ్చేసి, "మా అన్నయ్య బాంబు చేయడం మీరు చూశారా?" అని అరిచాను. గార్డు నా చెయ్యి పట్టుకున్నాడు. మేడమ్ వదలమని చెప్పి కుర్చీ చూపించారు.

"లేదమ్మా, చూడలేదు. రాసిచ్చింది చదివాను. కోర్టు వదిలేస్తే అదీ ఇదే గొంతుతో చదువుతాను. అందాకా ఇక్కడ కూర్చుని వార్త రాయడం నేర్చుకో. అరిస్తే ఈ ఒక్క గదికే వినబడుతుంది."

పోయిన వారం కోర్టు సాక్ష్యాల్లేవని కేసు కొట్టేసింది. ఈసారి మంత్రిగారు మైకు ముందుకు రాలేదు. మన దగ్గరా ఆ వార్త రోజూ వాతావరణం తర్వాత, 'సమయం మిగిలితే' అన్న షరతుతో ఉంటోంది. రోజూ సమయం చాలడం లేదు. ఈ సాయంత్రం ఏడు గంటలకు మేడమ్ చదవబోయేది ఆఖరి బులెటిన్, అందులో మొదటి వార్త మంత్రిగారి వంతెన ప్రారంభోత్సవం.

డైరెక్టరుగారూ, బస్సుల్లో బాంబులు పెట్టేవాళ్లను పట్టుకోవద్దని ఎవరంటారు? ఆ బస్సుల్లో తిరిగేది మేమే కదా. కానీ పట్టుకున్నప్పుడు ఊరంతా వినేలా చెప్పినవాళ్లం, వదిలినప్పుడు గొణిగితే ఎలాగండీ? అన్నయ్య ఇంటికొచ్చాడు గానీ షాపు షట్టరు ఇంకా ఎత్తలేదు. పలకరిస్తే ఏమవుతుందోనని వీధిలో జనం తల తిప్పుకుంటున్నారు. పొగడమని పిలిస్తే అర్జీ పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

(డైరెక్టరుగారు: "సరేనమ్మా, రెండో వార్తగా వేద్దాం.")

(మేడమ్, కూర్చున్న చోటి నుంచే: "మొదటిది చేయండి సార్. మంత్రిగారు ప్రారంభించిన వంతెన రేపూ అక్కడే ఉంటుంది." నవ్వులు, చప్పట్లు. డైరెక్టరుగారు తల ఊపారు.)

మేడమ్, మీమీద రాసుకొచ్చిన ఉపమానాలన్నీ నా కాగితంలోనే ఉండిపోయాయి. వాటన్నిటికంటే మీరిప్పుడన్న మాటే బాగుంది.

అందరికీ కృతజ్ఞతలు. భోజనానికి ఆగలేను. ఏడింటికి ముందే వెళ్లి అన్నయ్యచేత షట్టరు ఎత్తించి, షాపులో ఉన్న పెద్ద స్పీకరుకు రేడియో తగిలించాలి. సెలవు.