కోత పండక్కి తమ్ముడు తెచ్చిన పంట

"అమ్మమ్మా, ఇవాళ తాడేపల్లిగూడెంలో మా కాలేజీలో మన దేశం సొంతంగా సూపర్ కంప్యూటర్ చేసుకున్న సంగతి చెప్పారు. పూనా తాతయ్య అందులోనే పనిచేసేవాడటగా?"

పనిచేసేవాడేవిటే, వాడి జుట్టంతా దానికే ధారపోశాడు. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట నాకే వినపడట్లేదు. ఆఁ, అలా. కూచో, చెప్తాను.

పూనా తాతయ్యంటే నా తమ్ముడు దానియేలు కదా. వాడికి ముందు ఏలూరులో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. మా నాన్న మిషను బళ్లో మేష్టారు, పైగా చర్చి సంఘానికి పెద్ద. కొడుకు కౌంటర్లో కూచుంటే ఊరంతా వెళ్లి నమస్కారం పెట్టొస్తున్నారని తెగ మురిసిపోయేవాడు. అప్పటికి నాకింకా పెళ్లి... కాదులే, పెళ్లయి మీ అమ్మ పుట్టేసింది, చంకలో ఉంది. ఎప్పుడు చూసినా ముక్కు కారుతూ ఉండేది దానికి. అదలా ఉంచు. ఏడాది తిరక్కుండా వీడు ఆ ఉద్యోగం మానేసి పూనా పోతానన్నాడు. ఎందుకురా అంటే, అమెరికావాళ్ల దగ్గర పేద్ద కంప్యూటర్లున్నాయట, తుఫానులూ అవీ లెక్కకట్టేవి. అందులో పెద్దది మనకి అమ్మం పొమ్మన్నారట. అందుకని మనమే చేసుకుంటున్నాం అన్నాడు.

మా నాన్న ఏవన్నాడో తెలుసా? "పక్కింటివాడు ఎద్దుని అరువివ్వనంటే, మనం కూచుని ఎద్దుని తయారుచేస్తామట్రా?" అన్నాడు. అదే ఆఖరి మాట. ఆ తరవాత రెండేళ్లు వాడితో మాటల్లేవు. సెలవులకొస్తే ఎదురుబొదురుగా కూచుని అన్నం తింటూ, "ఏవే, మీ అబ్బాయికి చారు కావాలేమో అడుగు" అని మా అమ్మతో అనేవాడు. వీడూ అంతే, "కొంచెం చాలమ్మా" అని ఆవిడకే చెప్పేవాడు. మధ్యలో గరిటె పట్టుకుని ఆవిడ.

ఆవిడకి వీడి పనేవిటో బోధపడేది కాదు. ఓసారి కూచోబెట్టి చెప్పాడు. "అమ్మా, ఒక్క మనిషే ఊడ్పులకి దిగితే ఎకరం ఎప్పటికి తెమిలేను? అదే వరసగా నలభై మంది దిగితే చిటికెలో అయిపోదూ? మేవూ అంతే. పెద్ద మిషను లేదు కాబట్టి చిన్నచిన్నవాటిని వరసలో దింపుతున్నాం" అన్నాడు. మా అమ్మ ఊరుకుంటుందా, "నలభై మంది ఆడాళ్లని ఒక చేలో దింపితే కబుర్లాడుకోరూ?" అంది. "అదేనమ్మా మా చిక్కంతా. అస్సలు మాట్లాడుకోకపోతే వరస తప్పుతుంది. మరీ మాట్లాడుకుంటే పని సాగదు" అన్నాడు. దాంతో ఆవిడకి పూర్తిగా అర్థమైపోయింది. మీ మేష్టార్లు ఎలా చెప్పారో గానీ, నాకు తెలిసిందీ అదే.

ఏదీ, ఎక్కడున్నాం? ఆఁ, అసలు సంగతి కోత పండగది. మీరిప్పుడు చర్చిలో కవరిచ్చి చేతులు దులుపుకుంటున్నారు గానీ, అప్పుడలా కాదే. ఎవరి చేతి పంట వాళ్లు బల్లమీద పెట్టాలి. బియ్యం, గుమ్మడికాయలు, కోళ్లు, బాతులు. కొల్లేటి ఊరు కదా, బకెట్లో కొరమీనులు తెచ్చేవారు, పాస్టరు అయ్యగారు వాక్యం చెప్తుంటే అవి బయటికి దూకేవి. బాతుగుడ్లయితే ఆ రోజుల్లో అడిగినవాళ్లకి ఊరికే ఇచ్చేవారు, ఇప్పుడు ముట్టుకోనిస్తున్నారా? ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ఇచ్చినవాళ్లింట్లో వాళ్లు మాత్రం పాడకూడదు, దేవుడికిచ్చింది వెనక్కి లాక్కున్నట్టవుతుందని. పాట ఎవరికి ఖాయమైతే వాళ్లకి, ఇచ్చినవాడే స్వయంగా చేతికందించాలి.

ఆ ఏడు మా అమ్మ "నీ తొలిపంట ఏదిరా" అని వాణ్ణి ఒకటే పోరు పెట్టింది. వాడు తువ్వాల్లో చుట్టి, పచ్చటి పలకొకటి తెచ్చాడు. ఆ కంప్యూటర్ లోపలిదట, ఆఫీసులో అడిగే తెచ్చాడులే. చర్చికి బయల్దేరేముందు పెరట్లో నన్ను పట్టుకుని, "అక్కా, ఇంక నావల్ల కాదు. ఈసారి కూడా నాన్న మాట్లాడకపోతే నేను పూనా వెళ్లను. బ్యాంకువాళ్ల కాళ్లు పట్టుకుంటాను" అని ఏడ్చాడు. అంత ఇష్టపడ్డ పనే అది.

వేలంలో కోడిపుంజు పోయింది, గుమ్మడికాయ పోయింది. అయ్యగారు పలక ఎత్తి చూపించారు. తలకిందులుగా పట్టుకున్నారని వీడు నా పక్కన గొణుగుతున్నాడు. "ఇది... మన దానియేలు గారి పంటండి. దేశానికి పనికొచ్చేదటండి. పాడండి" అన్నారు. ఒక్కళ్లు నోరెత్తితే ఒట్టు. చేపల చెరువుల సత్యానందం లేచి, "ఏవండీ, ఇది చెరువులో వేస్తే చేపలకేవన్నా మేలాండీ?" అన్నాడు. ఎగతాళికి కాదు, పాపం నిజంగానే. కాదండి అంటే మర్యాదగా కూచున్నాడు. అయ్యగారు ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు. మా ఇంటి పంట బల్లమీద మిగిలిపోవడం మేం ఎన్నడూ ఎరగం. మా అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

అప్పుడు వెనకాలనించి, "నేను పాడుతున్నానండి" అని వినపడింది. చూస్తే మా నాన్న.

"మేష్టారూ, ఇంట్లోవారు పాడకూడదు కదండీ. ఆ కట్టుబాటు పెట్టింది కూడా తవరేనండి" అన్నారు అయ్యగారు.

"నేను ఇంట్లోవాణ్ణెలా అవుతానండి? రెండేళ్లుగా మాకు మాటల్లేవు, ఊరందరికీ తెలుసు. వాడికి నేను పరాయివాణ్ణే" అన్నాడీయన. సంఘమంతా గొల్లున నవ్వింది. అయ్యగారికేం తోచక పాట ఖాయం చేసేశారు.

ఇంక వీడు వెళ్లి అందించాలిగా. అయ్యగారి దగ్గర పలక తీసుకుని వెళ్లాడు. మా నాన్న కళ్లజోడు సర్దుకుని, పలక తిప్పితిప్పి చూసి, "ఏరా, ఇది పనిచేస్తుందా?" అన్నాడు. ఏరా అన్నాడే. నేను ఉండబట్టలేక మీ అమ్మని గిల్లేశాను, అది కేరుమంది. దానియేలుకి అబద్ధం చేతకాదు. "లేదు నాన్నా, పాడైపోయింది. బాగున్నది ఆఫీసువాళ్లివ్వరు" అన్నాడు.

అంతే. "పాడైందాన్ని తెచ్చి దేవుడి బల్లమీద పెట్టావట్రా? కుంటి గొర్రెని కానుకివ్వకూడదని సండే స్కూల్లో నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పానుగదరా వెధవా" అని మొదలెట్టాడు. రెండేళ్లుగా దాచుకున్న తిట్లన్నీ తీశాడు. చిక్కిపోయినందుకు, ఉత్తరాలు రాయనందుకు, బ్యాంకు వదిలినందుకు. అయ్యగారు సర్దిచెప్పబోతే మా అమ్మ చేతులు జోడించి, "ఆపకండయ్యగారూ, మీకు పుణ్యముంటుంది, తిట్టనివ్వండి" అంది.

తిట్టీతిట్టీ ఆయన తిట్లన్నీ అయిపోయాయి. పలకని చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "సాయంత్రం బండికి పో. పోయి, పనిచేసేది చెయ్యి" అన్నాడు.

పోయాడు. చేశారే మరి, మనవాళ్లు చేసేశారు. ఆ కబురు తెలిసినరోజు మా నాన్న సైకిలేసుకుని ఇంటింటికీ తిరిగాడు. ఏవని చెప్పాడనుకున్నావు? మా వాడు చేశాడని కాదు, "చేసేశామండీ" అని. తనూ చేసినట్టే.

నీక్కూడా అలా చెప్పుకుని తిరిగేవాళ్లుండాలి తల్లీ. దేవుడు నీ చేతుల్ని దీవించు గాక. చదువుకో... ఎంతవరకైతే అంతవరకు, ఇంటింటికీ చెప్పడానికి నేనున్నానుగా, సైకిలంటే రాదు గానీ...