సమాధుల పండగనాటి కొవ్వొత్తి

"తాతయ్యా, ఇంక తిప్పేయొచ్చా?"

ఆగవే, ఆ పానా కింద పెట్టు. తుప్పుకి పట్టేసిన బోల్టమ్మా ఇది, ఇప్పుడే కదా కాల్చి కొవ్వొత్తి తాకించేను. మైనం లోపలికి దిగాలి, ఇనుము చల్లారాలి. అంతవరకూ ఎవరు తొందరపెట్టినా నీ స్కూటరు ముట్టుకోనివ్వను. ఇలా కూచో, మరియమ్మ గారి వేను సంగతి చెప్తాను.

అప్పటికి ముమ్మిడివరంలో మన షెడ్డు బాగా నడుస్తోంది. నా మోకాళ్ళూ బాగుండేవి. కాదు కాదు, ఎడమది అప్పటికే మొదలెట్టింది, మీ నాయనమ్మ కొబ్బరినూనె రాసేది... సరే, అదలా ఉంచు.

మరియమ్మ గారి భర్త రొయ్యల చెరువు చేసేవారు. ఆయన పోయేక ఈవిడే దిగేరు. మొదటి పంట. ఆడమనిషి ఏం చేస్తుందిలే అని నవ్వినవాళ్ళందరూ చూస్తుండగా రొయ్యలు పట్టించి, మంచులో పెట్టి, ఆయన వేన్లోనే వేసుకు అమ్మడానికి బయల్దేరేరు. మన షెడ్డు దగ్గరికొచ్చేసరికి ఇంజన్లోంచి పొగలు! బెల్టు వదులైపోయింది. అది బిగించాలంటే ముందు ఓ బోల్టు వదులు చెయ్యాలి కదా, డ్రైవరు పానాకి పైపు తొడిగి ఎక్కి తొక్కేడు. తల టప్పున ఊడొచ్చింది, మొండెం ఇంజన్లో ఉండిపోయింది. ఉప్పుగాలికి పట్టేసినదాన్ని అలా తొక్కుతారా ఎవరైనా? బాగా తిట్టేను వాణ్ణి.

"మంచు కరిగిపోతోందండీ. ఈ సరుకు పోతే నేను మళ్ళీ చెరువు మొహం చూడలేనండి" అన్నారావిడ.

"నేనుండగా పోదమ్మా" అన్నాను. ఆయ్, అలాగే అన్నాను, నా పని నాకు తెలుసు కదా.

మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగు చేసేను. తీరా చూస్తే డబ్బాలో కొవ్వొత్తి లేదు. డ్రైవరు కొట్లకి పరిగెత్తి ఉత్తచేతుల్తో వచ్చేడు. ఆవేళ సమాధుల పండగ, ఉన్నవన్నీ జనం కొనేసుకున్నారు. అప్పుడావిడ సంచీలోంచి ఒకటి తీసేరు. సాయంత్రం భర్త సమాధి మీద వెలిగిద్దామని దాచుకున్నదది. నాకు చెయ్యి చాపడానికి మనసొప్పలేదమ్మా. ఆవిడే నా చేతిలో పెట్టేరు.

మళ్ళీ కాల్చి, అంచు చుట్టూ తాకించేను. మైనాన్ని పీల్చేసుకుంది. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, వెంటనే తిప్పేస్తారు. నేను చేతులు కట్టుకు కూచున్నాను. "మంచు, మంచు" అని డ్రైవరు గోల. నోర్ముయ్యమన్నాను. చల్లారేక ముందు బిగించే వైపు తిప్పేను, వెంట్రుకవాసి. ఆ తరవాత వదులు వైపు. కిర్రుమంది... వచ్చేసింది!

బెల్టు బిగించి, మిగిలిన కొవ్వొత్తి ముక్క తుడిచి ఇచ్చేను. "కరిగించేసేనమ్మా" అన్నాను.

"ఆయన బండే కదండీ. సమాధి మీద వెలిగినా, ఇక్కడ కరిగినా ఆయనకే చేరుతుంది" అని కళ్ళొత్తుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోడం ఎందుకు.

సరుకు చెడకుండా చేరింది. ఇవాళ్టికీ ఆ చెరువు ఆవిడే చేస్తున్నారు. ఏటా సమాధుల పండక్కి నాకో కొవ్వొత్తి పంపుతారు. ఇందాక నీ బోల్టుకి తాకించేనే, అదే.

ఏదీ, వేలు పెట్టి చూడు. చల్లారిందా? ఊఁ, ముందు బిగించే వైపు... కొంచెం... ఇప్పుడు వదులు వైపు... అదీ! విన్నావా చప్పుడు? చల్లగా ఉండు తల్లీ, చల్లగా ఉండు...