వెండెల్ సైప్స్ గొంతులు

ఈ నా రిటైర్మెంట్ సభకు పెద్దగా కూర్చున్న జైలు వార్డెన్ గ్రేడీ గారికి, నేనెంతసేపు మాట్లాడతానో అని అప్పుడే గోడ గడియారం వైపు చూస్తున్న ఫాదర్ మెండొన్సా గారికి, పొద్దుటినుంచి వంటగదిలో మన పోర్చుగీసు మాంసం పులుసు సోపాస్ కలియబెడుతూ నా కోసం చెమటలు కక్కిన మన హాలు ఆడవాళ్ళకి, నాతో పాటు ఆ ఇనుప తలుపుల మధ్య జుట్టు నెరిసిన స్నేహితులకి, ఇంకా ఎర్రటి కళ్ళతో అకాడమీ నుంచి నేరుగా వచ్చి ఆ చివరి బల్ల దగ్గర బుద్ధిగా కూర్చున్న కొత్త ఆఫీసర్లకి, నా భర్త జోకి, మా అమ్మాయి తెరేసాకి, అందరికీ ఇడలీనా సిల్వేరా నమస్కారాలు.

నాకన్నా ముందు మాట్లాడినవాళ్ళు నన్ను ధైర్యవంతురాలని, నిజాయితీపరురాలని, ఇంకా ఏవేవో అన్నారు. మానీ ఒచోవా అయితే నన్ను దేవత అన్నాడు. మానీ, రెండో గ్లాసు వైను నీకు పడదని మీ ఆవిడ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. (నవ్వులు)

నేను జైలు ఉద్యోగంలో ఎందుకు చేరానని తరచూ అడుగుతారు. ఇక్కడున్న చాలామంది ఎందుకు చేరారో నేనూ అందుకే చేరాను. మా మామగారు ఆవులు అమ్మేశారు, ట్రాక్టరు కింద పడి జో నడుము విరిగింది, బాదం తోటల్లో కాయలు దులపడం ముగిశాక ఈ లోయలో పని ఉన్న చోటు అదొక్కటే. అకాడమీలో మాకు పరుగులు పెట్టించారు, కళ్ళల్లో మంట పుట్టే గ్యాసు పట్టించారు, మనిషిని నేల మీద పడేసి బేడీలు వెయ్యడం నేర్పించారు. అది ఉద్యోగంలో ఎంత చిన్న భాగమో ఆ చివరి బల్ల దగ్గరున్నవాళ్ళకి ఇంకో ఏడాదికి తెలుస్తుంది. అసలు ఉద్యోగం, గది కిటికీలోంచి చూసి దుప్పటి కింద ఛాతీ లేచి పడేదాకా అక్కడే నిలబడడం. ఎవడు అన్నం ముట్టలేదో గమనించడం. తల్లి పోయిందని ఒక మనిషికి ఇనుప చువ్వల ఇవతల నుంచి చెప్పడం, చెప్పి, వాడి చెయ్యి పట్టుకోకుండా అక్కడే ఉండడం.

అన్నిటికన్నా ముందు, వినడం. ఆ సంగతి నాకు చెప్పినవాడు సార్జెంట్ రాయిస్ టాకెట్. పెద్దవాళ్ళకి ఆయన గుర్తుండే ఉంటాడు. డ్రమ్ములో గులకరాళ్ళు వేసి ఊపినట్టుండే గొంతు. నా మొదటి రోజున, ఖైదీలని తిరగడానికి వదిలే యార్డు మధ్యలో నిలబెట్టి అన్నాడు: "అరుపులకి భయపడకు అమ్మాయ్. అరిచేవాడు కరవడు. అందరి మాటలూ ఒక్కసారి ఆగిపోయాయనుకో, అప్పుడు వీపు గోడకి ఆనించు."

"యార్డు మధ్యలో గోడేది సార్?" అన్నాను.

"అందుకే మధ్యలో నిలబడకూడదు. పద," అన్నాడు. (నవ్వులు)

ఆ యార్డులోనే నాకు వెండెల్ సైప్స్ పరిచయం అయ్యాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో కన్నతండ్రిని తుపాకీతో కాల్చి యావజ్జీవానికి వచ్చినవాడు. నేను చేరేనాటికే నడి వయసు, బక్కపలచని మనిషి, ఎవరి జోలికీ పోడు. అతనికి ఒక విద్య ఉండేది. ఎవరి గొంతయినా దించేసేవాడు. వంటవాడి నత్తి, పాత వార్డెన్ గారి ముక్కుతో మాట, ఫాదర్ గారి ప్రార్థన, క్షమించండి ఫాదర్, మీదీ పట్టేవాడు. టాకెట్‌ని అయితే ఆయన వెనకాలే నడుస్తూ ఆయన గొంతుతోనే ఆయన్ని తిట్టేవాడు. టాకెట్ వెనక్కి తిరగకుండా, "ఆ తిట్టు నేను తిట్టను సైప్స్, మా ఆవిడ ఒప్పుకోదు," అనేవాడు. యార్డంతా నవ్వేది. ఒకసారి నేను అతన్ని అడిగాను: "అందరి గొంతులూ అయ్యాయి. నీ గొంతు ఎలా ఉంటుంది?"

"నాది వాడి చాలా కాలమైంది మేడమ్," అన్నాడు. అది కూడా ఎవరి గొంతులాగానో ఉంది, ఎవరిదో నాకు తెలియలేదు.

నా రెండో శరత్కాలంలో టాకెట్ ఇంటి ముందు ఆకులు ఊడుస్తూ గుండె ఆగి పోయాడు. శవపేటిక మోసినవాళ్ళలో మానీ ఒకడు, నేనొకదాన్ని. ఆ తరువాత సైప్స్ ఆయన గొంతు తియ్యడం మానేశాడు. ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపేవాడు.

ఆ శీతాకాలం లోనే ఆ పొగమంచు రోజు వచ్చింది.

మన మంచు సంగతి మీకు చెప్పక్కర్లేదు. మంచు పడితే యార్డు మూసెయ్యాలి, టవర్లో తుపాకీ ఉన్నవాడికి కింద ఏం జరుగుతోందో కనపడదు కాబట్టి. ఆ రోజు పొద్దున ఎండ కాసింది. అందరినీ బయటికి వదిలాక, పొలాల మీదుగా మంచు తెల్లటి గోడలా వచ్చి, లోపలికి పిలిచేలోపే మీద పడిపోయింది. నా చెయ్యి నాకు కనిపించడం మానేసింది. నేను యార్డు మధ్యలో ఉన్నాను. చుట్టూ మనుషుల మాటలు, దగ్గులు, ఎవడో బంతి కోసం తడుముకుంటూ నవ్వుతున్నాడు.

అప్పుడు మాటలు ఆగిపోయాయి. ఒక్కసారిగా, అందరివీ.

నా వెనుక ఎక్కడా గోడ లేదు. మట్టి మీద ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు విన్నాను, ఎటువైపో తెలియదు. రేడియో మీట నొక్కాను, నోట మాట రాలేదు. ఆ క్షణంలో ఆ తెల్లదనం లోంచి, చెవి పక్కన నిలబడి అన్నట్టు వినిపించింది:

"కింద పడుకోండి! ఒక్కొక్కడూ! నేను రెండోసారి చెప్పను!"

డ్రమ్ములో గులకరాళ్ళు. టాకెట్.

అన్ని వందల ఒళ్ళు ఒకేసారి నేలకి తగిలిన చప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను. నేనూ పడుకున్నాను. యూనిఫారంతో, తాళాల గుత్తితో, తడి మట్టిలో బోర్లా. రేడియోలో టవర్ నుంచి మానీ, "అలాగే సార్జెంట్!" అన్నాడు. (నవ్వులు) నవ్వండి, పరవాలేదు, మేమూ తరువాత నవ్వాం. కానీ ఆ మాట అన్నాక రేడియోలో మానీ ఊపిరి మాత్రమే వినపడింది, చాలాసేపు. తానెవరికి జవాబు చెప్పాడో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

మంచు విడిపోయాక చూస్తే, లొజానో అనే కుర్రఖైదీ బోర్లా పడి ఉన్నాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ వెనకవాడి చేతికందే దూరంలో నూరి సూదిలా చేసిన టూత్‌బ్రష్. ఇంకొక్క అంగ పడి ఉంటే లొజానో మెడలో దిగేది. లొజానో ఇప్పుడు ఫ్రెస్నోలో టైర్ల కొట్టు నడుపుతున్నాడు. ఏటా క్రిస్మస్‌కి ఫోన్ చేస్తాడు.

అది సైప్స్ పనే అని అందరూ అనుకున్నారు. ఖైదీలు వెళ్ళి వీపు తట్టారు. నేనూ వెళ్ళాను. అతను హ్యాండ్‌బాల్ గోడ పక్కన ముడుచుకు కూర్చున్నాడు, ముఖం నిండా మట్టి.

"ఒక ప్రాణం కాపాడావు సైప్స్," అన్నాను.

"నేను కాదు మేడమ్."

"మరెవరు?"

అతను నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "ఆయన చెప్పాడు, నేనూ పడుకున్నా. ఆయన చెప్తే పడుకోనా?"

ఆ రోజుతో అతని విద్య ఆగిపోయింది. ఎవరెంత బతిమాలినా ఇంకొకరి గొంతు తియ్యలేదు. అవసరానికి రెండు ముక్కలు, అవీ గుసగుసగానే. "తలుపు తీసి పెట్టుకుంటే ఎవరు లోపలికొస్తారో తెలీదు మేడమ్," అన్నాడొకసారి.

నీళ్ళు ఇటివ్వు తెరేసా. మా అమ్మాయికి నా మీద ఒక ఫిర్యాదు ఉంది, నేను ఇంట్లో కూడా, 'భోజనానికి రండి' అనే మాటని జైలు బ్లాకు మొత్తానికీ వినపడేలా అంటానని. నిజమే. ఈ ఉద్యోగం గొంతులో దిగిపోతుంది. రేపటినుంచి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. ఆ మాట మీ అందరి ముందూ నవ్వుతూ అంటున్నాను గానీ, అంత నవ్వు రావడం లేదు.

ఏళ్ళు గడిచాయి. సైప్స్ ముసలివాడయ్యాడు, గొంతులో క్యాన్సర్ వచ్చింది. జైలు ఆసుపత్రిలో చివరి గదిలో పెట్టారు. మాట ఇక రాదని డాక్టరు తేల్చి చెప్పాడు. పలక మీద సుద్దతో రాసేవాడు. చనిపోయేవాళ్ళ దగ్గర కూర్చునే పనికి నేను ముందుకు వచ్చాను కాబట్టి మధ్యాహ్నాలు అతని పక్కనే ఉండేదాన్ని. ఒకరోజు రాశాడు: 'మా చెల్లి గొంతు ఒక్కసారి వినాలి.'

చెల్లెలి పేరు ఆర్డిత్. తండ్రి పోయిన రోజు ఆ ఇంట్లోనే ఉన్న చిన్నపిల్ల. ఆనాటినుంచి అన్నతో ఒక్క మాట లేదు. ఫాదర్ గారు తుల్సాలో ఆవిడ ఆచూకీ పట్టారు, వార్డెన్ గ్రేడీ గారు అనుమతి ఇచ్చారు. ఇద్దరికీ ఆ మేలు నేను మరచిపోను.

ఫోన్ స్పీకరు పెట్టి మంచం మీద ఉంచాను. గదిలో మేమిద్దరమే. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది.

"చూడండి ఆఫీసర్, ఫాదర్ అడిగారని ఒప్పుకున్నా," అంది ఆవిడ. "వాడితో నాకు చెప్పే మాటేం లేదు."

"మాట్లాడక్కర్లేదమ్మా. అతనికి గొంతు లేదు. మీరు ఊరికే లైన్లో ఉండండి చాలు," అన్నాను.

అప్పుడు మంచం మీద నుంచి, నిండుగా, మోటుగా, ఒక పెద్ద మనిషి గొంతు వచ్చింది:

"పిచ్చుకా, కాళ్ళకి చెప్పులేసుకున్నావా? గడ్డిలో పల్లేరు కాయలున్నాయి."

ఫోన్‌లో అరవై దాటిన ఆ మనిషి, ఆరేళ్ళ పిల్ల గొంతుతో అంది:

"నాన్నా?"

సైప్స్ పెదవులు కదిలాయి. అది నేను చూశాను, కాబట్టి చెబుతున్నాను. కానీ అతని కళ్ళు మాట్లాడేవాడి కళ్ళు కావు. వినేవాడి కళ్ళు. నాకంటే ఎక్కువగా భయపడి, నా చేతిని గట్టిగా పట్టుకుని, తన నోట్లోంచి వస్తున్నదాన్ని తనే వింటున్నాడు.

"నాన్నా, నువ్వేనా?"

"వాడి మీద కోపం పెట్టుకోకు. వాణ్ని అంతదాకా లాగింది నేనే. మీ అమ్మని నేను ఏం చేశానో నువ్వు చూశావు. వాడూ చూశాడు." కాస్త ఆగి, "చలిగా ఉంది. లోపలికి పో పిచ్చుకా," అంది ఆ గొంతు.

అంతే. సైప్స్ నోరు తెరిచే ఉంది, అందులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆర్డిత్ ఫోన్ పెట్టెయ్యలేదు. ఏడ్చి ఏడ్చి, చివరికి, "వెండీ, అక్కడున్నావా? నేను కోపంగా లేనురా," అంది. అతను పలక అందుకోబోయాడు, చెయ్యి లేవలేదు. "ఉన్నాడమ్మా, విన్నాడు," అని నేను చెప్పాను. ఆ మాట అప్పుడు నా గొంతుతో వచ్చినందుకు నాకెంత ధైర్యం కలిగిందో చెప్పలేను.

మూడు రోజుల తరువాత అతను పోయాడు. అస్థికలు తీసుకోవడానికి ఆర్డిత్ బస్సెక్కి తానే వచ్చింది. మా ఇంట్లో దిగింది. అప్పటినుంచి ఆదివారాలు ఫోన్‌లో మాట్లాడుకుంటాం, టమాటాల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి. ఆ మధ్యాహ్నం మాట మాత్రం ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఈ రోజు ఆవిడ ఇక్కడే ఉంది. కాఫీ డబ్బా పక్కన, నీలం స్వెట్టరు. లేవక్కర్లేదు ఆర్డిత్. (చప్పట్లు)

చివరి బల్ల దగ్గరి పిల్లలూ, మీకు సలహాలు చాలామంది ఇస్తారు. నేను ఒక్కటే చెబుతాను. లోపలున్నవాళ్ళు రాత్రీ పగలూ మీ గొంతు వింటూ ఉంటారు. మీరు మరచిపోయిన మాట కూడా అక్కడ ఎవరి దగ్గరో ఉంటుంది. అంతకుమించి నాకు తెలియదు.

ఇంత మంచి భోజనం, ఇన్ని మంచి మాటలు, నా అర్హతకి మించిన ఈ గడియారం ఇచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఒక సంగతి చెప్పి కూర్చుంటాను. ఇందాక ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడినప్పుడు ఆర్డిత్ నా మోచెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ అడగడానికి భయమేసింది," అంది. "ఆ రోజు నువ్వు కూడా విన్నావా? లేక నేనొక్కదాన్నేనా?"

"విన్నాను," అన్నాను.

ఆవిడ తల ఊపింది. "అయితే సరే," అని, వరసలో ముందుకి జరిగింది.

నాకు ఇక సెలవు ఇప్పించండి.