నాలుగో బల్ల గంగాధరం

ఏమ్మా మల్లీశ్వరీ, బిడ్డ చేత బట్టీ పట్టిస్తాండావా? వెన్నెముక ఉండేవి, లేనివి... చాల్లే, ఆపు. ఇదే పాఠం మా గంగాధరం చెప్పింటే నీ బిడ్డ అన్నానికి పిలిచినా లేచేది కాదు. యా గంగాధరమంటావా? నీకెట్ల తెలుస్తాదిలే, నువ్వు ఒమానుకు రాకముందే ఊరికి మళ్ళిపాయె. ఈ సోహార్ చేపల మార్కెట్లో నాలుగో బల్ల ఆయనది. ఆయన చేపలు కోస్తాండె, నేను ఐసు మోస్తాంటి. నర్సాపురం మనిషి. ఊళ్ళో కాలేజీ ల్యాబులో ఇరవై ఏండ్లు అటెండరు. సార్లు మర్చిపోయిన పేర్లు తానే అందిస్తాంటినని చెప్తాండె. కోతలు కోస్తాండాడులే అనుకుంటి నేను, పాపిష్టోణ్ణి!

శుక్రవారం డ్యూటీ దిగితే చాలు, మనోళ్ళ పిల్లోళ్ళంతా ఆ బల్ల చుట్టూ చేరుతాండ్రి. మార్కెట్టోళ్ళకు ఒక పద్ధతుంది కదమ్మా, పొలుసు గీకేవి ఒక గంప, తోలు తీసేవి ఒక గంప, పెంకు ఒలిచేవి ఇంకో గంప. పిల్లోళ్ళూ అట్లనే వేరు చేస్తాండ్రి. ఆయన ఒప్పుకుంటేనా! "అది కత్తి పద్ధతర్రా. ప్రాణి సంగతి లోపలుంటుంది. కోసి చూడకుండా ఏ గంపో చెప్పకండి" అంటాండె. ఎంత ఓపికనుకున్యావు! నేనైతే నాలుగు తగిలిస్తాంటి.

వాళ్ళలో ఖుష్నుమా అని మా కడప జిలాని కూతురు. నాయన కాగితాలు సరిగా లేక రెండేండ్లు బడి లేదు పాపకు. కాగితాలొచ్చినాక బడికి తీస్కపోతే, మేడం జంతువుల బొమ్మలిచ్చి, గుంపులు చేయమన్యాదంట. పాప ముట్టలేదు. "కాటే బగైర్ కైసే బోలూ?" అన్యాదంట. కోయకుండా ఎట్ల చెప్పేది అని! మేడానికేం తెలుసు, పిల్లకేమీ రాదనుకుని ఒకటో తరగతి అనేసె. పదేండ్ల పిల్ల, ముక్కులు కారే చంటోళ్ళ పక్కన! జిలాని బల్లకాడికొచ్చి ఏడ్సె. గంగాధరం కత్తి కింద పెట్టినాడు. "తప్పు పిల్లది కాదు జిలానీ, నాది. బొమ్మ చూసి చెప్పడం నేను నేర్పలేదు" అనె. తప్పు ఒప్పుకునే మనిషిని ఆ పొద్దే చూస్తి.

తెల్లారి చేపలేసిన ఐసు పెట్టె నా నెత్తిన పెట్టి, పాపను బడికి తీస్కపాయె. మేడం ముక్కుకు కర్చీఫు! ఈయన పేపర్లు పరిచి కోసె, పాప చెప్పె. వంజరానికి గట్టి వెన్నెముక. సొరకూ వెన్నుంది, మెత్తనిది, అదీ చేపే. రొయ్యకు వెన్నే లేదు, చేప కాదు, పీతకు చుట్టం. మేడం తిమింగలం బొమ్మ చూపిచ్చె. పాప అడుగుతాది కదా, "దీనికి మొప్పలా, ఊపిరితిత్తులా?" ఊపిరితిత్తులని మేడం అంటే, "అయితే చేప కాదు, మన గంప" అనె! మేడం కర్చీఫు తీసేసి, కుర్చీ ముందుకు జరుపుకొనె. ఐదో తరగతిలో కూర్చోమనె!

ఆనక ఫారం నింపుతా, ఈ రెండేండ్లు ఏ బళ్ళో చదివిందని అడిగె. జిలాని తల దించుకున్యాడు. పాప మాత్రం టక్కున, "చేపల మార్కెట్, నాలుగో బల్ల. మా సారు పేరు గంగాధరం" అనె. మేడం నవ్వలేదమ్మా, రాసింది. ఇరవై ఏండ్లు సార్లకు నీళ్ళు మోసిన మనిషిని అంతకుముందు ఎవురూ సారనలేదు. ఆయన మొగం నేను చూస్తి. చూసి... కుక్కరు విజిలేస్తాండాది, పోమ్మా, చూడుపో.